ఎవరి పుస్తెలు, ఎవరి పులస?

గోదావరి జిల్లాల్లో పుట్టిన వాళ్ళకి ఒక సామెత ఉగ్గుపాలతోనే వంటబడుతుంది. 'పుస్తెలమ్మి అయినా పులస తినాలి' అని. ఆషాఢ శ్రావణాల్లో గోదారికి ఎర్రనీళ్ళు తగలగానే మా నాన్న ఈ మాట అనేవారు. చుట్టాలెవరైనా ఉంటే మరీ గట్టిగా అనేవారు. అంటూ అమ్మ మెడవైపు చూసేవారు. అందరూ నవ్వేవాళ్ళు. అమ్మ కూడా నవ్వేది. పక్కన కూచున్న నేనూ నవ్వేదాన్ని. ఆ నవ్వులో నేను ఎటువైపు ఉన్నానో తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

సామెతలో కర్త లేడు. అమ్మేది ఎవరు, తినేది ఎవరు అన్నది చెప్పకుండానే అందరికీ తెలిసిపోతుంది. పుస్తెలు ఒకరివి, నోరు ఇంకొకరిది. స్త్రీల మీద ఉన్న సామెతల గురించి మనం ఇప్పటికే చాలా రాసుకున్నాం కాబట్టి దీన్ని ఇంకొకదానిగా ఆ జాబితాలో చేర్చి ఊరుకోవచ్చు. కానీ 2024 శ్రావణంలో ఈ సామెత నన్ను ఒక ప్రశ్న ముందు నిలబెట్టింది. దానికి సరైన జవాబు ఇచ్చానని ఇవాళ్టికీ నాకు నమ్మకం లేదు. ఆ సంగతి చెప్పుకోవడానికే ఇది రాస్తున్నాను.

ముందు చేప గురించి చెప్పాలి. పులస పుట్టుకతో నదిది, బతుకుతో సముద్రానిది. సముద్రంలో ఉన్నప్పుడు దాన్ని ఇలస అంటారు. వరదనీరు సముద్రంలో కలిసే రోజుల్లో ఆ తీపినీటి వాసన పట్టుకుని అది గోదావరిలోకి ఎదురీదుతుంది. నదిలో గుడ్లు పెట్టి తిరిగి వెళుతుంది. పిల్లలు కొన్ని నెలలు నదిలో పెరిగి అవీ సముద్రంలోకి పోతాయి. ఏరు దాటాక పేరు మారినట్టు, నదిలోకి వచ్చాకే ఇలస పులస అవుతుంది. బెంగాలీలు ఇలిష్ అనేదీ ఈ చేపనే. శాస్త్రజ్ఞులు హిల్సా అంటారు.

సాల్మన్ గురించి చదివినప్పుడల్లా నాకు పులసే గుర్తొస్తుంది. అదీ ఇలాగే ఉప్పునీళ్ళ నుంచి మంచినీళ్ళకు ఎదురీదే చేప. పసిఫిక్ సాల్మన్ గుడ్లు పెట్టాక చచ్చిపోతుంది. పులస అలా కాదు, బతికితే మళ్ళీ వస్తుంది. తేడా అక్కడే. మనం పట్టకపోతే దానికి రేపు ఉంది.

ఐర్లండ్‌లో బోయిన్ అనే నది ఉంది. దాని పుట్టుక గురించి ఒక ఐతిహ్యం. బోఅన్ అనే దేవత ఒక నిషిద్ధమైన బావి దగ్గరకు వెళ్ళింది. ఆ బావిలో జ్ఞానం ఉంటుంది, సాల్మన్లు ఉంటాయి. ఆమె వెళ్ళకూడదు. వెళ్ళినందుకు బావి నీళ్ళు పొంగి ఆమెను ముంచి నదై పారాయి. తెలుసుకోవాలనుకున్న స్త్రీకి శిక్ష పడి, ఆ శిక్షే నది అయింది. అదే నది ఒడ్డున ఇంకో కథ. ఒక కవి ఏళ్ళ తరబడి కాచుకుని జ్ఞానాన్నిచ్చే సాల్మన్‌ను పట్టాడు. వండమని శిష్యుడైన కుర్రవాడికిచ్చి, నువ్వు మాత్రం తినొద్దన్నాడు. వండుతుండగా వేలు కాలి, ఆ కుర్రవాడు వేలు నోట్లో పెట్టుకున్నాడు. జ్ఞానమంతా వాడికే వచ్చింది. వండినవాళ్ళు తినకూడదన్న నియమం మనకు కొత్త కాదు. కాలిన వేలూ కొత్త కాదు. ఆ వేలికి జ్ఞానం దక్కిందనడమే కొత్త.

మన గోదావరి కథలోనూ ఒక స్త్రీ ఉంది. దర్భతో అదిలించిన ఆవు చచ్చిపోతే, ఆ పాపం పోగొట్టుకోవడానికి గౌతముడు తపస్సు చేసి శివుడి జటలోంచి గంగను దింపాడని అందరికీ తెలుసు. అందుకే గౌతమి అయింది. గౌతముడి భార్య అహల్య. అహల్య అనగానే మనకు రాయి గుర్తొస్తుంది. కానీ బ్రహ్మపురాణంలో గోదావరి మహిమ చెప్పే భాగంలో ఆమె రాయి కాదు. గౌతముడు ఆమెను ఎండిపోయిన నదివి కమ్మని శపిస్తాడు. గౌతమిలో కలిశాక ఆమెకు తన రూపం తిరిగి వస్తుంది. ఈ కథ చదివిన రోజు నేను చాలాసేపు పుస్తకం మూయలేకపోయాను. ఎండిన నదిగా బతకడం అంటే ఏమిటో మన కాలానికి తెలిసినంతగా ఆ పురాణకర్తకి కూడా తెలిసి ఉండదు.

ఈ కథల్లో నదులన్నీ స్త్రీలే. ఆ నదుల్లో నీళ్ళు ఎప్పుడు వదలాలో, ఎప్పుడు ఆపాలో చెప్పేది మాత్రం ఎప్పుడూ ఇంకెవరో.

ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. కాటన్ దొరను మా వైపు దేవుడిలా తలచుకుంటారు. ఊరికే కాదు. 1830లలో కరువు, తుఫాను ఆ నేలను ఊడ్చిపెట్టాయి. ఆనకట్ట వచ్చాక డెల్టా అన్నం తింది. పాత ఆనకట్ట స్థానంలో 1970లో మొదలుపెట్టి 1982కి కొత్త బరాజ్ కట్టారు. మా తాతల పొలాలు ఆ కాలవ నీళ్ళతో పండినవే. నేను చదువుకున్నది ఆ ధాన్యం అమ్మిన డబ్బుతోనే. కాబట్టి ఆనకట్టను తిట్టే అర్హత నాకు లేదు. అయితే ఒకటి నిజం. పైకి ఈదుతూ వచ్చిన పులసకు అక్కడ గోడ తగులుతుంది. చాలావరకు అక్కడే, ఆ గోడకి దిగువన, వలకు దొరుకుతుంది. అంటే మా కంచంలో అన్నమూ ఆ ఆనకట్ట పెట్టినదే, పులుసులో ముక్కా ఆ ఆనకట్ట ఆపినదే. దారి మూసుకుపోయి తచ్చాడే ప్రాణిని పట్టుకుని తినడాన్ని మేము 'రుచి' అన్నాం, 'మా గోదారి గొప్ప' అన్నాం.

గోదావరి ఒక్కటే కాదు. గంగ మీద ఫరక్కా బరాజ్ 1975లో మొదలయ్యే దాకా ఇలిష్ అలహాబాదు దాటి పైకి పోయేది. ఆ తర్వాత ఆ ఊళ్ళకి అది కథగా మిగిలింది. మన దగ్గర ఆనకట్టతో పాటు ఇంకా చాలా కలిశాయి. నది సముద్రంలో కలిసే చోటే మోటారు పడవలు, సన్నకంటి వలలు కాపు కాస్తాయి. నదిలోకి అడుగుపెట్టే లోపే చాలా చేపలు ఆగిపోతాయి. ఊళ్ళ మురుగు, ఫ్యాక్టరీల నీళ్ళు, రొయ్యల చెరువుల మందునీళ్ళు అన్నీ పాయల్లోకే. ఎండాకాలంలో పాయల్లో ఉప్పునీరు పైపైకి ఎక్కుతుంది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో యాంత్రిక పడవల వేట నిషేధం. పులస నదిలోకి వచ్చేది ఆ తర్వాత, జూలై నుంచి సెప్టెంబరు దాకా. తన ప్రసవయాత్రకు బయలుదేరే వేళకి దానికి ఆ రక్షణ ఉండదు.

ఇంకో విషయం కూడా చెప్పాలి. పులస అనే జాతి భూమ్మీద నుంచి మాయమైపోవడం లేదు. బంగ్లాదేశ్‌లో ఏటా లక్షల టన్నుల ఇలిష్ పడుతోంది. తగ్గిపోతున్నది గోదావరికి వచ్చే చేప. జాతి ఎక్కడో క్షేమంగా ఉంటే, ఈ నదికి అది రాకపోవడం నష్టమేనా అని ఒక విద్యార్థిని నన్ను క్లాసులో అడిగింది. మంచి ప్రశ్న. మన భాష ప్రపంచంలో ఎక్కడో ఉంది కదా, మీ ఇంట్లో మాట్లాడకపోతే ఏమిటి అని అడిగినట్టుంది. ఒక చేప ఒక నదిని తరతరాలుగా గుర్తుపెట్టుకుని వస్తుంటే అది ఒక సంబంధం. జాతి బతికినా సంబంధం చచ్చిపోవచ్చు. స్త్రీలకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. పుట్టింటి దారి మూసుకుపోవడం అంటే మనిషి చచ్చిపోవడం కాదు. అయినా అది చావుకి తక్కువేమీ కాదు.

ఇక ఇంటి సంగతికి వస్తాను. మా ఊరు వశిష్ఠ పాయ గట్టు మీద. పులస వచ్చిన రోజు మా వంటింట్లో పండగ. పొలుసు తియ్యడం, ముక్కలు కొయ్యడం, చింతపండు పిసకడం, పిడకల మీద మట్టిదాక పెట్టి సన్నసెగని గంటలకొద్దీ మరగనివ్వడం అంతా అమ్మా, నాయనమ్మా చేసేవాళ్ళు. గరిటె పెట్టకూడదు, ముక్క చెదురుతుంది. దాకని గుడ్డతో పట్టుకుని తిప్పాలి. అమ్మ చేతులకి ఆ మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి. పులస పులుసు మర్నాటికే రుచి అంటారు. మగవాళ్ళు ఆ రోజూ తినేవారు, మర్నాడూ తినేవారు. నడిముక్కలు, శనతో ఉన్న ముక్కలు నాన్నకీ, బాబాయిలకీ, అల్లుళ్ళకీ. తలకాయ తాతయ్యకి. పిల్లల్లో మగపిల్లలకి ముళ్ళు ఏరి పెట్టేవారు. నాకు తోకముక్క. అమ్మకి బెండకాయ ముక్కలు, పులుసు. 'పులుసులోనే ఉంటుందే అసలు సారమంతా' అనేది. నేను నమ్మాను. ఆవిడా నమ్మిందేమో తెలియదు.

పుస్తెలమ్మడం కూడా మా ఇంట్లో నిజంగా జరిగింది. పులస కోసం కాదు. 1996 నవంబరు తుఫాను కోనసీమ కొబ్బరిచెట్లను నేలమట్టం చేసినప్పుడు, మళ్ళీ తోట వెయ్యడానికి, అప్పు వడ్డీ కట్టడానికి అమ్మ పుస్తెలు తాకట్టుకి వెళ్ళి తిరిగి రాలేదు. రెండేళ్ళు పసుపుకొమ్ము కట్టుకుంది. ఆ తర్వాత మా నాన్న ఆ సామెత అనడం మానేశారు. అది ఆయనలోని మంచితనం. మానేసే దాకా అది మాకందరికీ హాస్యంగానే ఉండటం మాత్రం ఏమిటో నాకు తెలియదు.

అదే తుఫానులో, మాకు చేపలు తెచ్చే ఆవిడ భర్త సముద్రం మీద నుంచి రాలేదు. ఆవిడ ముగ్గురు పిల్లల్ని గంప మోసి పెంచింది. మా గుమ్మం లోపలికి ఎప్పుడూ రాలేదు. మేం రానివ్వలేదు అనడం నిజాయితీ. అరుగు కింద గంప దింపి, 'అమ్మగోరూ, ఏలెట్టి సూడండి, గోదారి సేపండి' అనేది. చిన్నపిల్లనైన నేను ఆవిడను నువ్వు అనేదాన్ని. నాకన్నా నలభై ఏళ్ళు పెద్దావిడ నన్ను పాపగారూ అనేది. అమ్మ తన తోడికోడళ్ళతో ఎంత మాట్లాడేదో ఆవిడతో అంతకన్నా ఎక్కువ మాట్లాడేది. ఇద్దరూ తమ తమ ఇళ్ళలో నడిముక్క తిననివాళ్ళు. కానీ వాళ్ళ మధ్య ఆ అరుగు ఉండేది. స్త్రీలందరం ఒకటే అని నేను రాయబోయినప్పుడల్లా ఆ అరుగు గుర్తొచ్చి కలం ఆగుతుంది.

పన్నెండేళ్ళ క్రితం నేను పులస తినడం మానేశాను. దాని జీవితం గురించి చదివాక మనసు ఒప్పలేదు. గుడ్లతో నిండిన చేపకే ధర ఎక్కువ. ఒక్కో చేప కడుపులో లక్షల గుడ్లు. ఆడదాని విలువ గర్భంతోనే అనే బుద్ధి కంచం దాకా వచ్చిందనిపించింది. సభల్లో ఈ మాట చెప్పాను కూడా. చప్పట్లు కొట్టారు. గత కొన్నేళ్ళుగా యానాం, రావులపాలెం వైపు ఒక్క చేప వేలంలో 20 వేల రూపాయలు దాటిందని పత్రికల్లో వార్తలు వస్తుంటే, నేను తినకపోవడం ఎంత సులువో అప్పుడు గాని అర్థం కాలేదు. కొనలేని దాన్ని త్యాగం చెయ్యడానికి పెద్ద ధైర్యం అక్కర్లేదు.

2024 జూలైలో అమ్మకి ఎనభై రెండు. గుండె బలహీనపడింది, ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చాం. నాన్న పోయి తొమ్మిదేళ్ళు. టీవీలో గోదావరికి వరద అని చూపిస్తుంటే అమ్మ నెమ్మదిగా అంది, 'ఈ ఏడు పులస తినాలనుందే అమ్మడూ. నడిముక్క.'

మా అమ్మ తన కోసం ఒకటి కావాలని అడగడం నేను వినడం అదే మొదటిసారి. చీర అడగలేదు. ప్రయాణం అడగలేదు. డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళమని కూడా తనంతట తాను అడగలేదు. 'నడిముక్క' అని విడిగా చెప్పడంలో డెబ్బై ఏళ్ళ లెక్క ఉంది.

నేను క్లాసులో నీతిశాస్త్రం చెబుతాను. అందరూ అలాగే చేస్తే ఏమవుతుంది అన్న పరీక్ష నాకు బాగా తెలుసు. అందరూ చివరి పులసలను తింటే పులస ఉండదు. కాబట్టి నేను కొనకూడదు. ఈ తర్కంలో తప్పేం లేదు. కానీ 'అందరూ' అనే ఆ మాటలో మా అమ్మను ఎలా కలపను? నూరేళ్ళుగా నడిముక్కలు తిన్నవాళ్ళూ, నూరేళ్ళుగా వండి పులుసు నాకినవాళ్ళూ ఇద్దరూ ఇప్పుడు ఒకేసారి, ఒకే రకంగా మానుకోవాలట. తిండి పంచుకునేటప్పుడు లేని సమానత్వం త్యాగం పంచుకునేటప్పుడు ఎక్కడి నుంచి వచ్చింది? పర్యావరణం పేరుతో పేద దేశాలకు ధనిక దేశాలు చెప్పే నీతికీ, దీనికీ పెద్ద తేడా లేదు. విందు అయిపోయాక వచ్చిన వాళ్ళకి ఉపవాసం గొప్పతనం చెప్పడం అది.

అయితే ఈ వాదంలో ఒక బొక్క ఉంది. అది నాకూ కనిపించింది. అమ్మకు జరిగిన అన్యాయం చేప చేసింది కాదు. అమ్మ బాకీ మా నాన్న, బాబాయిలు, ఆ సామెత అంతా కలిసి పడ్డారు. దాన్ని చేపతో ఎందుకు తీర్పించాలి? మగవాళ్ళు తిన్నంత మేమూ తింటాం అనడం ఒక దశలో హక్కు. అదే చివరి మెట్టు అయితే మనం వాళ్ళ ఆకలినే అరువు తెచ్చుకున్నవాళ్ళం అవుతాం. ఈ రెండు మాటలూ నిజమే. ఒకటి రెండోదాన్ని కొట్టెయ్యలేదు.

చేపలావిడ ఇప్పుడు లేదు. ఆవిడ కూతురికి ఫోన్ చేశాను. నా వయసే. చిన్నప్పుడు తల్లి కొంగు పట్టుకుని మా అరుగు కింద నిలబడేది. నేను మీరు అని మాట్లాడుతుంటే కాసేపు ఇబ్బంది పడింది. తర్వాత నవ్వేసింది.

'ఎక్కడున్నాయండీ పులసలు? పడ్డ సేప పడ్డట్టే ఏలానికి ఎల్లిపోద్దండి. మా ఇంట్లో తిని ఆరేళ్ళయిందండి ఆయ్. ఒరిస్సా నించి ఐసుపెట్టెల్లో వత్తది సూడండి, దాన్నే పులసని అమ్మేత్తన్నారు.'

నేను నా సందేహమంతా చెప్పాను. చేపలు తగ్గిపోతున్నాయి కదా, కొనడం తప్పేమో అని. ఆవిడ కొంచెంసేపు మాట్లాడలేదు.

'మీరు కొనకపోతే సేప గోదాట్లోకి తిరిగి ఎల్లదు కదండీ. ఇంకో కారు వత్తది. ఆగాలంటే వలకాడ ఆగాలండి. వలకాడ మమ్మల్నొక్కళ్ళనే ఆగమంటే మా పిల్లలేం తింటారండి? మీకు జీతం ఆగదు కదా.'

నా పన్నెండేళ్ళ నియమం మీద ఇంతకన్నా మంచి విమర్శ నేను ఏ పత్రికలోనూ చదవలేదు.

ఆగడం గురించి బంగ్లాదేశ్ అనుభవం చూడదగింది. అక్కడ అక్టోబరులో ఇలిష్ గుడ్లు పెట్టే రోజుల్లో 22 రోజులు వేట పూర్తిగా ఆపుతున్నారు. చిన్న చేపల్ని పట్టడం మీద నెలల తరబడి నిషేధం ఉంది. ఆ రోజులకి జాలరి కుటుంబాలకి ప్రభుత్వం బియ్యం ఇస్తుంది. ఇన్ని చేశాకే అక్కడ చేప పెరిగింది. ఐర్లండ్ కూడా 2007 నుంచి సముద్రంలో సాల్మన్‌కి వేసే తేలువలలను ఆపింది, మానుకున్నవాళ్ళకి పరిహారం ఇచ్చింది. అమెరికాలో ఎల్వా నది మీద రెండు ఆనకట్టలను 2011 నుంచి 2014 లోపు తీసేశారు. క్లామత్ నది మీద నాలుగింటిని తీసేసే పని 2024లో పూర్తయితే, కొన్ని వారాల్లోనే, అక్టోబరులో, వందేళ్ళుగా మూసిన దారిలో సాల్మన్లు పైకి వెళ్ళాయి. ఆ నదుల ఒడ్డున బతికే ఆదిమ జాతులవాళ్ళు దశాబ్దాలుగా కొట్లాడితే జరిగిందది. చేప దారి మరిచిపోదు. మనం అడ్డు తియ్యడమే ఆలస్యం.

అయితే వీటిని యథాతథంగా పొగడలేను. బంగ్లాదేశ్‌లో ఆ నిషేధం నినాదం 'తల్లి ఇలిష్‌ని కాపాడండి' అని. తినేవాడికి శన కావాలి, కాపాడేవాడికి తల్లి కావాలి. ఇద్దరికీ కనబడేది గర్భమే. ఎదురీదే ప్రాణిగా దానికి బతికే హక్కు ఉందని చెప్పడానికి మాతృత్వం సిఫారసు ఎందుకు? ఇక వేట ఆగిన రోజులకి వచ్చే భృతి, మన దగ్గరైనా సరే, పడవ ఎక్కే మనిషిని లెక్కపెట్టి ఇస్తారు. గంప మోసే మనిషి, చేప ఎండబెట్టే మనిషి, అప్పు తెచ్చి పొయ్యి వెలిగించే మనిషి ఆ లెక్కలో ఉండరు. నది విశ్రాంతి తీసుకునే రోజుల ఖర్చు ఆడవాళ్ళు డ్వాక్రా వాయిదాల్లో కడతారు.

పోలవరం దగ్గర స్పిల్‌వేలో పులస ఎక్కడానికి చేపల నిచ్చెన పెట్టారు. మంచిదే. ఆ ప్రాజెక్టు కింద దాదాపు లక్ష కుటుంబాలు ఊళ్ళు వదలాలి. అందులో చాలామంది కోయలు, కొండరెడ్లు. వాళ్ళకు నిచ్చెన కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూపులే. నేను చేపకి ఎందుకు పెట్టారని అడగను. చేపకి నిచ్చెన కావాలని ఒప్పుకున్న ఇంజనీరింగు, అదే నది ఒడ్డు మనుషుల దగ్గరకు వచ్చేసరికి ఎందుకు చేతులెత్తేస్తుందని అడుగుతాను. నది బాగు, నది ఒడ్డు మనుషుల బాగు వేరువేరు అని ఎవరైనా చెబితే నాకు అనుమానం వస్తుంది.

ఇంతకీ నేను చేప కొన్నాను. ఆవిడ దగ్గరే కొన్నాను. ఒకటింపావు కేజీ చేప. ఎంతయిందో అమ్మకి చెప్పలేదు. చెబితే వద్దంటుంది. వద్దు అనడం అమ్మకి అలవాటు, ఆ అలవాటుని నేను ఇంకొక్కసారి వాడుకోదలచుకోలేదు. నా జీతంలో సగం పైన పోయింది. పుస్తెలు నాకు లేవు కాబట్టి అమ్మడమనే ప్రశ్న రాలేదు. చేప ఇచ్చేటప్పుడు ఆవిడ మా హాల్లోకి వచ్చి కుర్చీలో కూచుంది. కాఫీ తాగింది. అరుగు దాటడానికి మా రెండు కుటుంబాలకి యాభై ఏళ్ళు పట్టింది. చేప గోదారిలోంచి దాదాపుగా అయిపోయే దాకా పట్టింది.

కోస్తుంటే కడుపులో శన కనబడింది. చెయ్యి ఆగింది. అబద్ధం చెప్పను, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంతలో వంటింట్లోంచి గోడ పట్టుకుని అమ్మ వచ్చి స్టూలు మీద కూచుంది. చింతపండు ఎంత నానబెట్టాలో, బెండకాయ ఎప్పుడు వెయ్యాలో చెబుతూ కూచుంది. గ్యాసు మీద వండాం. మర్నాటి దాకా ఆగాం.

అమ్మకి నడిముక్క వడ్డించాను. ముళ్ళు ఏరబోతే వద్దని తనే ఏరుకుంది. రెండు ముద్దలు తిన్నాక, సగం ముక్క తుంచి నా కంచంలో వెయ్యబోయింది. ఆ చెయ్యి నాకు తెలుసు. నా చిన్నప్పటి నుంచి ఆ చెయ్యి తన కంచంలోంచి బయటికే వెళ్ళింది. నేను నా కంచం వెనక్కి లాక్కున్నాను. 'నీ వాటా నువ్వే తినమ్మా' అన్నాను. నేను తినకపోవడానికి కారణం నా నియమమా, ఆ చెయ్యా అన్నది ఇప్పటికీ విడదీసి చెప్పలేను. అమ్మ నా వైపు ఓసారి చూసి, ముక్క అంతా తిన్నది. శన కూడా తిన్నది. తిన్నాక, 'మీ నాన్న ఊరికే అనేవారు కాదే' అంది.

ఆ మాటకి నేను నవ్వలేదు. కోపమూ రాలేదు. రుచి నిజమే. ఆ రుచి తెలియడానికి ఆవిడకు ఎనభై రెండేళ్ళు పట్టడం కూడా నిజమే. అమ్మ తినడం న్యాయం. ఆ చేప పట్టుబడటం అన్యాయం. రెండూ ఒకే కంచంలో ఉన్నాయి. ఒకదానికోసం రెండోదాన్ని లేదనుకోవడం నాకు చేతకాలేదు. నీతి అంటే చేతులు శుభ్రంగా ఉంచుకోవడం అని ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఎవరి బాకీ ఎవరు తీరుస్తున్నారో లెక్క రాసి పెట్టడం కూడా నీతేనని ఇప్పుడు అనుకుంటున్నాను. ఆ లెక్కలో అమ్మకి రావలసింది ఉంది. గంప మోసిన ఆవిడకి రావలసింది ఉంది. చేపకి రావలసింది ఉంది. ఇంతవరకూ తిన్నవాళ్ళ పేర్లే అందులో రాలేదు.

అమ్మ ఆ కార్తీకంలో వెళ్ళిపోయింది. చేపలావిడ కూతురు వచ్చింది. నేరుగా లోపలికి వచ్చి నా పక్కన కూచుంది.

2027లో మళ్ళీ గోదావరి పుష్కరాలు. లక్షలమంది నదిలో మునిగి పాపాలు కడుక్కుంటారు. నది దగ్గర మనం అడిగేది ఎప్పుడూ మన పాపాల గురించే. ఎర్రనీళ్ళు తగిలే రోజుల్లో, వలలు కొన్ని వారాలు ఒడ్డున ఉండి, ఆ వారాల కూలి గంప మోసే చేతికి నేరుగా అందే ఏర్పాటు ఒకటి జరిగితే, నేను పుష్కరస్నానం చేసినంత పుణ్యం అనుకుంటాను. దానికోసం రాయమన్న చోట రాస్తాను, సంతకం పెట్టమన్న చోట పెడతాను. పులస మాత్రం ఇంక కొనను. ఈసారి ఆ మాట సభలో చెప్పడానికి కాదు. నా ఇంట్లో నడిముక్క బాకీ ఉన్న మనిషి ఇప్పుడు ఎవరూ లేరు, అంతే.